మామోగ్రామ్ పరీక్ష: స్త్రీలు తెలిసికొనవలసిన విషయములు

బస్తరు ప్రాంతమున, బీజాపూరు నుండి భోపాలపట్నమునకు పోవు రాజమార్గమున మద్దేడు అను గ్రామము కలదు. రాష్ట్రము ఛత్తీస్‌గఢ్ ఐనను ఇచ్చటి ఇండ్లలోను అంగడిలోను తెలుగు వినవచ్చును. గోండి, హల్బీ, హిందీ మాటలును దానితో కలసి సాగును. ఈ గ్రామమున ఒక ఇల్లాలు ఉన్నదనుకొందము. వయస్సు నలువది యైదు సంవత్సరములు. ముగ్గురు బిడ్డల తల్లి. ఇప్పపూవు రాలు దినములలో ఒకనాడు అడవినుండి వచ్చి స్నానము చేయుచుండగా, ఎడమ రొమ్మున చంక దెసగా రేగుగింజ యంత గట్టి వస్తువు ఆమె చేతికి తగిలినది. నొప్పి లేదు. నొప్పి లేని దానికి వైద్యమెందుకని ఆమె ఊరకున్నది. పూవు కాలము గడచినంతనే తునికాకు కోత వచ్చినది. ఆ కూలియే ఏటి ఖర్చులకు ఆధారము. తరువాత తొలకరి, దుక్కి, నాట్లు. దీపావళి నాటికి రేగుగింజ ఉసిరికాయ యంత ఐనది. అప్పుడు తోడికోడలితో చెప్పినది.

ఈ ఇల్లాలు కల్పితురాలు. ఆమె పోగొట్టుకొన్న ఎనిమిది మాసములు మాత్రము కల్పితములు కావు. మన దేశమున రొమ్ము క్యాన్సరు వచ్చిన స్త్రీలలో అనేకులు ఇట్లే కాలము గడపి, వ్యాధి ముదిరిన పిదప ఆసుపత్రి చేరుచున్నారు. 2022లో భారతదేశమున సుమారు 1,92,000 మంది స్త్రీలకు ఈ వ్యాధి క్రొత్తగా కనుగొనబడినదనియు, సుమారు 98,000 మంది దీనిచే మరణించిరనియు అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ అంచనా వేసినది. మన స్త్రీలకు వచ్చు క్యాన్సరులలో ఇదియే మొదటి స్థానమున నున్నది.

తోడికోడలు, పట్నమున పనిచేసి వచ్చిన తమ్ముడు, మందుల దుకాణము వాడు, అందరును ఇప్పుడొక మాట చెప్పుదురు: "మామోగ్రామ్ తీయించుకో." ఆ మాట వినిన స్త్రీకి కలుగు సందేహములు అనేకములు. అది సూదియా, కోతయా? బట్టలు విప్పవలెనా? పురుషులు చూతురా? ఆ కిరణములచే లేని వ్యాధి వచ్చునా? వీటిలో ఏదియు తక్కువ ప్రశ్న కాదు. అడుగుటకు సిగ్గుపడి ఇంటనే ఉండిపోవుటకంటె అడిగి తెలిసికొనుట మేలు.

ఆ చిత్రము ఎట్టిది?

మామోగ్రామ్ అనగా రొమ్మును ఎక్స్‌రే కిరణములతో తీయు చిత్రము. సూదియు లేదు, కోతయు లేదు, మత్తుమందును అక్కరలేదు. జర్మనీ దేశమున రాంట్‌గెన్ పండితుడు 1895లో ఈ కిరణములను కనుగొనెను. 1913లో బెర్లిను నగరమున ఆల్బర్ట్ సాలమన్ అను శస్త్రవైద్యుడు, శస్త్రచికిత్సలో తొలగించిన సుమారు 3,000 రొమ్ములకు ఎక్స్‌రే చిత్రములు తీసి, కణితి ఆ చిత్రములలో ఎట్లు కనిపించునో వర్ణించెను. ఐనను సజీవులైన స్త్రీలకు నమ్మదగిన చిత్రమును తీయు పద్ధతి కుదురుటకు మరి అర్ధ శతాబ్దము పట్టినది. 1963లో న్యూయార్కు నగరమున 40 నుండి 64 సంవత్సరముల వయస్సు గల సుమారు 62,000 మంది స్త్రీలను రెండు వర్గములుగా చేసి, ఒక వర్గము వారికి ఏటేట ఈ పరీక్షను, దానితోబాటు వైద్యులు చేతితో చేయు పరీక్షను జరిపించిరి. పరీక్ష పొందిన వర్గమున ఈ వ్యాధివలని మరణములు తగ్గినట్లు తేలినది. లోకమున ఈ పరీక్షకు ప్రచారము అప్పటినుండియే కలిగినది.

రొమ్మునందు కొవ్వు, పాలగ్రంథులు, వాటిని పట్టియుంచు నారలు ఉండును. కొవ్వుగుండ కిరణములు సులభముగా పోవును గనుక అది చిత్రములో నల్లగా కనిపించును. గ్రంథులును నారలును తెల్లగా కనిపించును. చిక్కు ఏమనగా, కణితియు తెల్లగానే కనిపించును. వయస్సు మీరినకొలది గ్రంథుల స్థానమున కొవ్వు చేరును. అప్పుడు నల్లని నేలమీద తెల్లని మచ్చ తెలిసినట్లు కణితి తెలియును. చిన్న వయస్సున రొమ్ము దట్టముగా నుండుటచే, పిండిలో సున్నము వెదకినట్లగును. నలువది లోపు వయస్సు గలవారికి గడ్డ తగిలినప్పుడు వైద్యులు తరచుగా మొదట అల్ట్రాసౌండు స్కానింగు వ్రాయుటకు కారణమిదియే. తనకు మామోగ్రామ్ వ్రాయలేదని అట్టి స్త్రీ నిరాదరణగా భావింపరాదు.

చేతికి తగులని దానిని సైతము ఈ చిత్రము పట్టగలదు. ఇసుక రేణువులంత సున్నపు కణములు ఒకచోట గుంపుగా చేరినప్పుడు అవి కొన్నిసార్లు తొలిదశలోని వ్యాధికి గుర్తులగును. ఎంత నేర్పు గల చేయియైనను వాటిని తాకి కనుగొనలేదు.

పరీక్షనాడు జరుగునది

నెలసరి అగుచున్న స్త్రీలు, అత్యవసరము కానిచో, నెలసరి ముగిసిన పిదప వచ్చు వారమున ఈ పరీక్షకు పోవుట మంచిది. అప్పుడు రొమ్ములు సలుపు తక్కువగా నుండును. ఆ ఉదయమున స్నానము చేసి, చంకలకును రొమ్ములకును పౌడరు, చెమట వాసనకు పూయు మందులు, లేపనములు ఏవియు పూసికొనరాదు. పౌడరు రేణువులు చిత్రములో సున్నపు కణములవలె కనిపించి లేని అనుమానమునకు దారితీయును. పస్తుండనక్కరలేదు, చద్దన్నము తిని, నీరు త్రాగి పోవచ్చును. చీర, రవిక ధరించినవారికి సౌకర్యము ఎక్కువ. నడుము పైభాగము మాత్రమే విప్పవలసియుండును. మెడలోని గొలుసులు తీయవలసి వచ్చును గనుక విలువ గల నగలను ఇంటనే ఉంచి వెళ్లుట మేలు. మంగళసూత్రమును తీయుటకు ఇష్టపడనివారు ఆ మాట ముందుగా చెప్పినచో దానిని వీపువైపునకు త్రిప్పి పట్టుకొను ఏర్పాటు చేయుదురు.

గర్భముతో నున్నను, గర్భమేమోయను అనుమానమున్నను, బిడ్డకు పాలిచ్చుచున్నను ఆ మాటను తప్పక చెప్పవలెను. పూర్వము రొమ్మునకు శస్త్రచికిత్స జరిగియున్నచో అదియును చెప్పవలెను.

సామాన్యముగా ఈ చిత్రమును తీయుటకు శిక్షణ పొందిన స్త్రీయే యంత్రమువద్ద నుండును. పురుషుడున్నచో, స్త్రీ ఉద్యోగిని ఒకరు గదిలో నుండవలెనని కోరుటకు ప్రతి స్త్రీకిని హక్కు కలదు. తోడువచ్చిన అక్కయో వదినయో ద్వారమువరకు రావచ్చును.

స్త్రీ యంత్రము ఎదుట నిలువబడును. ఉద్యోగిని ఒక రొమ్మును బల్లవంటి పలకమీద నుంచి, పైనుండి పారదర్శకమైన మరియొక పలకను దింపి అదుమును. ఈ అదుముడే పలువురు భయపడునట్టిది. దాని ప్రయోజనము తెలిసినచో భయము కొంత తగ్గును: రొమ్ము పలుచగా పరచుకొన్నకొలది లోపలి భాగములు ఒకదానిపై నొకటి పడక విడివిడిగా కనిపించును, కదలిక లేక చిత్రము స్పష్టముగా వచ్చును, కిరణములును తక్కువ చాలును. ఒత్తిడి కొన్ని సెకనులు మాత్రమే ఉండును. కొందరికి బిగువుగా తోచును; కొందరికి నిజముగానే నొప్పి కలుగును. నొప్పి ఉండదని ముందుగా చెప్పుట సత్యము కాదు. ఓర్వలేనిచో "ఆపమ్మా" అని చెప్పవచ్చును. వెంటనే పలకను పైకెత్తుదురు. ఆ ఒత్తిడిచే క్యాన్సరు పుట్టదు. ఉన్న కణితి ప్రాకిపోదు.

ఒక్కొక్క రొమ్మునకు రెండేసి చిత్రములు తీయుదురు. ఒకటి పైనుండి, ఒకటి ప్రక్కనుండి ఏటవాలుగా. గడ్డ ఎడమవైపే ఉన్నను కుడిదానిని కూడ తీయుదురు. రెంటిని సరిచూచినప్పుడే భేదము తెలియును. అంతయు అర్ధగంటలోపు ముగియును. రెండు రొమ్ములకు కలిపి తీయు ఈ చిత్రములలో దేహమునకు తగులు కిరణముల మోతాదు, మనము పుడమిమీద నివసించుటవలననే కొన్ని వారములలో సహజముగా పొందునంత. అది శూన్యము కాదు. కావుననే అవసరము లేనివారికి మాటిమాటికి తీయరు.

చిత్రము చెప్పునది, చెప్పనిది

తీసిన చిత్రమును ఎక్స్‌రే నిపుణుడైన వైద్యుడు చూచి నివేదిక వ్రాయును. ఆ నివేదిక చాలచోట్ల ఆంగ్లమున నుండును. దానిలో సున్న నుండి ఆరు వరకు ఒక అంకె కనిపించును. సున్న అనగా వ్యాధి లేదని కాదు. ఇంకను చిత్రములు కావలెనని అర్థము. ఒకటి, రెండు అనునవి భయము లేదని తెలుపును. మూడు అనగా బహుశః ప్రమాదము లేదు గాని కొన్ని మాసములకు మరల చూడవలెను. నాలుగు, ఐదు అనునవి ముక్కను తీసి పరీక్షింపవలసిన అనుమానమును తెలుపును. ఆరు, పూర్వమే వ్యాధి నిశ్చయమైనవారికి వేయుదురు. ఈ అంకెను చూచి వ్యాధి ఏ దశలో నున్నదో చెప్పుచున్నదని భ్రమపడువారు కలరు, రెండును వేరు. అంకె యొక్క అర్థమును తనకు తెలిసిన భాషలో చెప్పుమని వైద్యుని అడుగుటకు సంకోచింపరాదు.

మరల రమ్మని కబురు వచ్చినంత మాత్రమున క్యాన్సరు ఉన్నదని తలపోయరాదు. అమెరికాలో పరీక్ష చేయించుకొన్న నూరుమందిలో సుమారు పదిమందిని మరల పిలుతురు. ఆ పదిమందిలో అధికులకు వ్యాధి ఉండదు. క్యాన్సరును నిశ్చయించునది చిత్రము కాదు. గడ్డనుండి సన్నని ముక్కను సూదితో తీసి సూక్ష్మదర్శినిలో చూచినప్పుడే నిశ్చయము. సూది గ్రుచ్చినచో వ్యాధి ప్రాకునను భయము మన పల్లెలలోనే కాక పట్టణములలోను కలదు. ఆ భయముతో ఈ పరీక్షను మానుకొన్నవారు పొందు నష్టము గొప్పది.

దీనికి ఎదురుగా మరియొక సంగతి కలదు. దీనిని స్త్రీలందరు ముఖ్యముగా గుర్తింపవలెను. ఉన్న క్యాన్సరులలో సుమారు ఎనిమిదింట ఒకదానిని మామోగ్రామ్ కనుగొనలేదు. కావున చేతికి గడ్డ తగులుచుండగా చిత్రములో ఏమియు లేదని వ్రాసినచో, ఆ కాగితమును పెట్టెలో దాచి నిశ్చింతగా నుండరాదు. గడ్డ ఉన్నదని మరల వైద్యునికి చెప్పి చేతితో చూడుమనవలెను; స్కానింగును, సూది పరీక్షను గురించి అడుగవలెను.

ఏ బాధయు లేని స్త్రీలు ఈ పరీక్షను చేయించుకొనవలెనా యను ప్రశ్నకు అన్ని దేశములు ఒకే సమాధానము చెప్పుటలేదు. ఇంగ్లాండులో 50 నుండి 71 సంవత్సరముల లోపు వారిని మూడేండ్లకొకసారి పిలుతురు. అమెరికాలో 40 నుండి 74 వరకు రెండేండ్లకొకసారి చేయించుకొనవలెనని 2024లో నిపుణుల సంఘము సలహా నిచ్చినది. లాభముతోబాటు నష్టమును కలదు. ఎన్నటికిని ప్రాణాపాయము కలిగింపని సూక్ష్మ వ్యాధులు సైతము చిత్రములో బయటపడి అనవసరముగా చికిత్స పొందుట అట్టి నష్టములలో ముఖ్యమైనది. పరీక్ష ఒక మరణమును నివారించుచోట సుమారు ముగ్గురికి అట్టి చికిత్స జరుగవచ్చునని బ్రిటనులో 2012లో స్వతంత్ర సంఘమొకటి లెక్కించినది. వివేకము గల స్త్రీ ఈ రెండింటిని తెలిసికొని వైద్యునితో ఆలోచించి నిర్ణయించుకొనవచ్చును. తల్లికిగాని అక్కచెల్లెండ్రకుగాని చిన్న వయస్సున ఈ వ్యాధి వచ్చియున్నచో ఆ మాటను వైద్యునికి తప్పక చెప్పవలెను.

యంత్రము లేనిచోట

మామోగ్రామ్ యంత్రము ప్రతి ఆసుపత్రిలోను ఉండదు. దానికి విలువయు హెచ్చు; చిత్రమును చదువగల నిపుణులును కావలెను. మద్దేడు వంటి గ్రామమున దానికొరకు ఎదురుచూచుచు చేతిలోని గడ్డను మరచుట తగదు. మన దేశపు ఏర్పాటు వేరొక దారిని పట్టినది. 30 నుండి 65 సంవత్సరముల లోపు స్త్రీలందరికిని, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు చేతితో రొమ్ము పరీక్ష చేయవలెననియు, అనుమానము కలిగినవారిని పై ఆసుపత్రికి పంపవలెననియు 2016లో కేంద్ర ప్రభుత్వము నిర్దేశించినది. ఐదేండ్లకొకసారి జరుగు ఈ పరీక్షతోబాటు నోటి క్యాన్సరునకు, గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరునకు కూడ పరీక్ష జరుగును.

చేతి పరీక్ష పేదవారికి విదిల్చిన తక్కువ వైద్యమని కొందరు తలతురు. ఆ తలంపు సరికాదు. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు 1998లో ఆ నగరపు మురికివాడలలో ఒక గొప్ప పరిశీలనమును ఆరంభించిరి. 35 నుండి 64 సంవత్సరముల వయస్సు గల 1,51,538 మంది స్త్రీలు అందు చేరిరి. సగము మందికి రెండేండ్లకొకసారి, నాలుగు పర్యాయములు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు చేతితో రొమ్ము పరీక్ష చేసిరి. మిగిలిన సగము మందికి వ్యాధిని గూర్చి బోధించిరి. ఇరువది యేండ్లు వారిని గమనించి 2021లో ఫలితములను ప్రకటించిరి. పరీక్ష పొందిన వర్గమున వ్యాధి ముదిరిన దశలో బయటపడినవారు నూటికి 37 మంది. రెండవ వర్గమున నూటికి 47 మంది. ఏబది యేండ్లును అంతకు మించిన వయస్సును గల స్త్రీలలో ఈ వ్యాధివలని మరణములు నూటికి సుమారు ముప్పది వంతున తగ్గినవి. అంతకంటె చిన్న వయస్సు వారిలో మరణములు తగ్గినట్లు రుజువు కాలేదు. ఆ సంగతిని కూడ వారు దాచక ప్రకటించిరి. పరీక్షించిన చేతులు పెద్ద వైద్యులవి కావు, నేర్పబడిన సామాన్య స్త్రీలవి. ఈ సంగతి మద్దేడు స్త్రీలకు ధైర్యము నీయదగినది.

దేశములోని మొట్టమొదటి ఆరోగ్య సంరక్షణ కేంద్రము 2018 ఏప్రిల్ 14న ప్రధానమంత్రిచే ప్రారంభింపబడినది బీజాపూరు జిల్లాలోని జాంగ్లా గ్రామముననే. అట్టి కేంద్రములు నేడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరములని పిలువబడుచున్నవి. రొమ్ము పరీక్ష వాటి పనులలో నొకటి. వాటికిని ఇండ్లకును నడుమ మితానిన్ ఉన్నది. ఛత్తీస్‌గఢ్‌లో 2002లో ఆరంభమైన మితానిన్ పథకము, తరువాత దేశమంతట వచ్చిన ఆశా కార్యకర్తల ఏర్పాటునకు దారి చూపినది. ఆ మాటకు చెలికత్తె యని అర్థము. భర్తతో చెప్పలేని మాటను, అత్తతో చెప్పలేని మాటను చెలికత్తెతో చెప్పవచ్చును గదా. "అక్కా, ఇక్కడ ఏదో గట్టిగ తగులుతున్నది" అనుట చాలును.

చెప్పవలసినది గడ్డను గూర్చియే కాదు. రొమ్ము చర్మము సొట్టపడుట, నారింజతొక్కవలె మొరటెక్కుట, చనుమొన క్రొత్తగా లోనికి పోవుట, దానిచుట్టు మానని పుండు, దానినుండి రక్తము కలసిన ద్రవము కారుట, చంకలో బిళ్ల కట్టుట, ఇవియు చెప్పదగినవే. బాలింతలకు పాలు గడ్డకట్టుట సామాన్యమే. కొలది దినములలో తగ్గనిచో చూపవలెను. చేతికి తగులు గడ్డలలో చాలవరకు క్యాన్సరు కావు. ఏది అగునో ఏది కాదో ఇంటిలో తేలదు. నొప్పిని బట్టి అసలే తేలదు. తొలిదశలో ఈ వ్యాధికి సాధారణముగా నొప్పి ఉండదు. గడ్డమీద పసరు కట్టుట, కాల్చుట, కోయుట కూడదు. ఇది అంటువ్యాధి కాదు. ఎవరి దృష్టివలనను రాదు. బిడ్డకు పాలిచ్చుటవలనను రాదు.

రోగి మొదట వైద్యునికి చూపుకొన్న దినమునుండి అరువది దినములలోపున వ్యాధి నిర్ణయము కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యము పెట్టినది. మద్దేడునుండి ఆ అరువది దినములను లెక్కించినప్పుడు బస్సు దినములు, కూలి పోవు దినములు, ఇంట బిడ్డలను ఎవరికి అప్పగింపవలెనను ఆలోచనలు అన్నియు అందులోనివే. దారులు రెండు. ఒకటి బీజాపూరు జిల్లా ఆసుపత్రికి, అచ్చటినుండి జగదల్‌పూరునకు, అవసరమైన రాయపూరునకు. రెండవది భోపాలపట్నము మీదుగా గోదావరి దాటి ఏటూరునాగారము, ములుగు, వరంగల్లు. ఆ దారియే హైదరాబాదు చేరును. అచ్చట 1955లో వెలసిన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రి ప్రభుత్వపు సంస్థ. భాష తెలిసినచోటికి పోవలెనను కోరిక సహజమే. ఐతే ఏ దారిన పోయినను స్థానిక వైద్యుని చీటి తీసికొని పోవలెను. చీటి లేక పెద్ద ఆసుపత్రిలో తిరుగువారికి మొదటి దినము వరుసలలోనే గడచిపోవును. మామోగ్రామ్ యంత్రము పనిచేయుచున్నదా, ఏ దినములలో తీయుదురు అను సంగతిని బయలుదేరక మునుపే ఆరోగ్య కార్యకర్తచే ఫోనులో అడిగింపవలెను.

ఖర్చు విషయము. ఆయుష్మాన్ కార్డు గల కుటుంబమునకు ఏటికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స లభించును. పథకములో చేరిన ఆసుపత్రి పరరాష్ట్రమున నున్నను అది చెల్లును. కాని ఆ పథకము ముఖ్యముగా ఆసుపత్రిలో చేరి పొందు చికిత్సకు ఉద్దేశింపబడినది. కేవలము చిత్రము తీయించుకొని తిరిగివచ్చువారు దాని వెల ఎంతయో, ఎవరు భరింతురో ముందుగా తెలిసికొనవలెను. ఆధారు, కార్డు, వైద్యుని చీటి, పూర్వపు చిత్రములు ఒకే సంచిలో ఉంచుకొనవలెను. పూర్వపు చిత్రములకు విలువ హెచ్చు: ఈ యేటి మచ్చ నిరుడు ఉన్నదా లేదా యను ప్రశ్నకు అవియే సమాధానము. వానకాలమున ఇండ్లలో అవి చెమ్మకు పాడగును గనుక ప్లాస్టిక్ సంచిలో చుట్టి, పప్పు బియ్యపు గంపలకు దూరముగా, ఎలుకలు తగులనిచోట దాచవలెను.